నీటి పరీక్షలో ఒక్క అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సభకు నమస్కారం. అధ్యాపక మిత్రులకు, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం చదువుతున్న విద్యార్థులకు, పొలం పనులు మానుకుని వచ్చిన రైతు సోదరులకు నమస్కారం. మన ప్రాంతపు వాగులు, చెరువులు, భూగర్భజలాల నాణ్యతను శాస్త్రవేత్తలు ఎలా అధ్యయనం చేస్తారో చెప్పమన్నారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ భాగం భూగర్భజలానికే కేటాయిస్తాను. మన ఊళ్లలో ఎక్కువ మంది తరతరాలుగా తాగింది ఆ నీరే, మనకు అన్నిటికంటే తక్కువ తెలిసింది కూడా ఆ నీరే.

తరచుగా ఎవరో ఒకరు ఒక సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చి, "సార్, ఈ నీళ్లు మంచివేనా?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు చెప్పే ముందు నేను నాలుగు ప్రశ్నలు అడగవలసి వస్తుంది. ఏ నెలలో పట్టారు? బోరు ఎంత లోతు? పట్టేముందు మోటారు ఎంతసేపు నడిచింది? ఈ సీసాలో అంతకుముందు ఏముంది? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే ప్రయోగశాల ఎంత ఖరీదైన యంత్రంతో కొలిచినా, వచ్చిన అంకె ఆ సీసాలోని నీటికి మాత్రమే వర్తిస్తుంది, మీ బోరులోని నీటికి వర్తించదు. నీటి నాణ్యత నెలను బట్టి, లోతును బట్టి, చివరికి చెరువులోనైతే రోజులో గంటను బట్టి కూడా మారుతుంది. ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఫ్లోరైడు సంగతి చూద్దాం. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు, పళ్లకు వచ్చే వ్యాధిని మన దేశంలో మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది ఎక్కడో తెలుసా? తెలుగు నేల మీదనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో నడుములు వంగి, మెడలు తిరగక బాధపడుతున్న మనుషులను పరిశీలించి, షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1937లో ఆ వివరాలు ప్రచురించారు. దాదాపు తొంభై ఏళ్లు కావస్తోంది. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా వినిపించింది కాబట్టి మనం ఫ్లోరైడు అనగానే నల్లగొండ అంటాం కానీ, ఇది ఒక జిల్లా సమస్య కాదు. మన కాళ్ల కింద ఉన్న గ్రానైటు, నైసు రాళ్ల సమస్య.

ఆ రాతిలో ఏముంది? ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం అని మనం పిలిచే బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాలున్నాయి. వీటన్నిటిలోనూ అంతో ఇంతో ఫ్లోరైడు ఉంది. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం రాతిని కొద్దికొద్దిగా కొరుకుతుంది. పైన మొరం పొరలో ఉన్న నీటికి రాతితో పరిచయం తక్కువ కాలమే. కింద పగుళ్లలో ఉన్న నీరు ఏళ్ల తరబడి, కొన్నిచోట్ల దశాబ్దాల తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఎంత కాలం ఉంటే అంత కరుగుతుంది. మన తాతలు తాగిన చేదబావి నీరు మొరం పొరలోది. ఆ బావులు ఎండిపోయాక మూడు వందల అడుగులు, ఐదు వందల అడుగులు బోర్లు దింపి మనం తోడుకున్నది పగుళ్లలోని పాత నీరు. ఊరు అదే, నేల అదే, కానీ నీరు అది కాదు.

ఇక్కడ రసాయన శాస్త్ర విద్యార్థులు కొంచెం శ్రద్ధగా వినాలి. రాతిలో ఫ్లోరైడు ఉన్నంత మాత్రాన నీటిలోకి అంతా రాదు. నీటిలో కాల్షియం తగినంత ఉంటే, అది ఫ్లోరైడుతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా ఘనీభవించి ఒక హద్దు గీస్తుంది. ఆ హద్దు ఎక్కడో చెప్పే ద్రావణీయతా లబ్ధం మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు. కాల్షియం ఫ్లోరైడులో ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడులు కాబట్టి, నీటిలో కాల్షియం పదో వంతుకు తగ్గితే, ఆ నీరు మోయగల ఫ్లోరైడు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. మరి కాల్షియం ఎందుకు తగ్గుతుంది? వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోట నీరు ఆవిరైపోతూ, కాల్షియం కార్బొనేటు నేలలోనే దిగబడిపోతుంది. నల్లగొండ వైపు చెలకల్లో తవ్వినప్పుడు తెల్లని సున్నపు గడ్డలు కనిపిస్తాయే, అది నీటిని వదిలి నేలలో చిక్కుకున్న కాల్షియం. మిగిలిన కొంత కాల్షియాన్ని బంకమట్టి పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతుంది. ఫలితంగా సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా, కొంచెం క్షారంగా ఉండే నీరు తయారవుతుంది. ఫ్లోరైడు దాక్కునేది ఆ నీటిలోనే.

ఇందులో ఒక చిక్కు ఉంది. సబ్బు బాగా నురగ వస్తే మంచి నీళ్లు, పప్పు త్వరగా ఉడికితే మంచి నీళ్లు అని మనవాళ్లు లెక్క కట్టేవారు. కాల్షియం, మెగ్నీషియం తక్కువైన మెత్తని నీటికి ఆ గుణాలు సహజం. అంటే, మనకు తెలిసిన ఆ పాత పరీక్షలో బాగా నెగ్గే నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది! ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి. నాలుక ఈ తేడాను పట్టలేదు. పిల్లల పళ్ల మీది ఎనామిల్ ఏర్పడే వయసులో దెబ్బతింటే ఆ మచ్చలు తర్వాత పోవు. వ్యాధి కనిపించాక నీటిని పరీక్షించడం అంటే, పరీక్ష చాలా ఏళ్లు ఆలస్యమైందని అర్థం.

ఇంతవరకు చెప్పింది ప్రకృతి చేసే పని. మనం చేసే పని ఏమీ లేదా? ఉంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్రాన్స్ భూగర్భ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి పరిశీలించారు. అక్కడ ఒకటి తేలింది. బోరు నీటితో వరి పండించినప్పుడు, పొలానికి తోడిన నీటిలో దాదాపు సగం తిరిగి భూమిలోకి ఇంకుతుంది. రైతు సోదరులు దీన్ని లాభమే అంటారు, పరిమాణం వరకు అది లాభమే. నాణ్యత మాట ఏమిటి? మడిలో నిలిచినప్పుడు నీరు ఆవిరవుతుంది, లవణాలు ఆవిరి కావు. కాల్షియం నేలలో దిగబడిపోతుంది. కొంచెం చిక్కబడిన నీరు మళ్లీ కిందికి దిగుతుంది, మళ్లీ అదే బోరు తోడుతుంది, మళ్లీ అదే మడి. ఒకటే పాలను మళ్లీ మళ్లీ మరగబెడితే చిక్కబడినట్టు, ఈ చక్రం తిరిగిన కొద్దీ ఫ్లోరైడు పెరుగుతుంది. కొత్త వాననీరు వచ్చి కలవకపోతే దీనికి ముగింపు లేదు. కాబట్టి ఫ్లోరైడు పూర్తిగా దేవుడిచ్చిందే అని చేతులు కట్టుకుని కూర్చోవడం శాస్త్రం ఒప్పుకునే మాట కాదు.

చట్టం విషయానికొస్తే, 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ఎవరో ఒకరు వదిలిన కాలుష్యం గురించి మాట్లాడుతుంది. రాయి వదిలిన ఫ్లోరైడుకు ముద్దాయి ఎవరు? బోర్ల తవ్వకాన్ని నియంత్రించే వాల్టా చట్టం 2002లో వచ్చింది. అందులోని నిబంధనలు మన ఊళ్లలో ఎంత వరకు అమలవుతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

రెండో పదార్థం నైట్రేటు. దీని కథ ఫ్లోరైడు కథకు తిరగబడి ఉంటుంది. ఫ్లోరైడు కింది రాతి నుంచి వస్తే, నైట్రేటు పైనుంచి దిగుతుంది. యూరియా, పెంటకుప్పలు, అడుగు కట్టని మరుగుదొడ్డి గుంతలు దాని పుట్టిళ్లు. ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, దీనికి సడలింపు లేదు. ఒక బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ, నైట్రేటు తక్కువ ఉంటే ఆ నీరు లోతైనది, పాతది అని ప్రాథమికంగా అనుకోవచ్చు. నైట్రేటు ఎక్కువ, ఫ్లోరైడు తక్కువ అయితే పైపొర నీరు, ఈమధ్య దిగిన నీరు. రెండూ ఎక్కువైతే? అప్పుడు బోరు కట్టుబడిని అనుమానించాలి. కేసింగు పైపు పైన కొద్ది అడుగులే వేసి, దాని చుట్టూ సరిగా మూయకపోతే, ఊరి మురుగు నేరుగా లోపలి పగుళ్లదాకా దారి చేసుకుంటుంది. చూశారా, విడివిడిగా చూస్తే ఊరికే అంకెలు, పక్కపక్కన పెడితే నీరు నడిచిన దారి.

అందుకే నీటి నివేదికలో ఒకే ఒక్క అంశం కొలిచి ఊరుకుంటే నాకు తృప్తి ఉండదు. ధనావేశం ఉన్న కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒకవైపు, రుణావేశం ఉన్న బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు ఇంకోవైపు కొలిచి, మిల్లీ ఈక్వివలెంట్లలోకి, అంటే ఆవేశాల లెక్కలోకి, మార్చి కూడండి. నీటికి విద్యుదావేశం ఉండదు కాబట్టి రెండు మొత్తాలూ సమానం కావాలి. తేడా అయిదు శాతం దాటితే ఆ విశ్లేషణలో ఎక్కడో లోపం ఉంది. ఎవరి ప్రయోగశాల అయినా సరే, ఈ కూడిక ముందు అందరూ సమానమే. ఏదైనా నివేదిక చేతికిస్తే నేను మొదట చేసే పని ఈ కూడికే.

ఇక నమూనా తీసే పద్ధతి. ఇక్కడ మనం చూపే నిర్లక్ష్యం చూస్తే బాధ కలుగుతుంది. కేసింగులో నిలిచి ఉన్న నీరు భూగర్భజలం కాదు, గొట్టంలో నిలవున్న నీరు, దానిలో ఇనుము తుప్పు కూడా కలిసి ఉండవచ్చు. మోటారు నడిపి, ఉష్ణోగ్రత, కరిగిన లవణాలను బట్టి ఉండే విద్యుత్ వాహకత మారకుండా నిలకడకు వచ్చేదాకా ఆగాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడగాలి. ఫ్లోరైడుకు గాజు సీసా వద్దు, పాలిథిన్ సీసా వాడాలి. లోహాల కోసం తీసే నమూనాలో నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే లోహాలు సీసా గోడలకు అంటుకుపోతాయి. నీరు ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్, క్షారత బోరు దగ్గరే కొలవాలి. ఎందుకంటే భూమిలోపల ఒత్తిడిలో ఉన్న కార్బన్ డయాక్సైడు బయటి గాలి తగలగానే తప్పించుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, ఒక్కోసారి సీసా అడుగున తెల్లటి కాల్షియం కార్బొనేటు కూడా పేరుకుంటుంది. సాయంత్రం ప్రయోగశాలలో మీరు కొలిచేది వేరే నీరు.

శుద్ధి గురించి రెండు మాటలు చెప్పి చెరువులోకి వెళ్తాను. నల్లగొండ పద్ధతి అన్న పేరు మీరు వినే ఉంటారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపితే, అల్యూమినియం హైడ్రాక్సైడు ముద్దలుగా ఏర్పడి ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతుంది. చవకైన, తెలివైన పద్ధతి. అయితే రోజూ కొలిచి కలిపే మనిషి ఉండాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడ వేయాలో చూడాలి, మిగిలిపోయే అల్యూమినియాన్ని గమనించాలి. ఒక హెచ్చరిక కూడా. అల్యూమినియం ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, పటిక వేసిన నీటిని ఎలక్ట్రోడుతో కొలిచేటప్పుడు ఆ పట్టు విడిపించే బఫరు ద్రావణం కలపకపోతే, ఫ్లోరైడు నీటిలోనే ఉన్నా యంత్రం తక్కువ చూపిస్తుంది. శుద్ధి బ్రహ్మాండంగా జరిగిందని మనం సంతోషపడతాం!

ఆర్‌ఓ ప్లాంట్లు ఫ్లోరైడును బాగానే తీస్తాయి. తీసింది ఎక్కడికి పోతుంది? వృథా నీటిలో చిక్కబడి, చాలాచోట్ల ఆ ప్లాంటు పక్కనున్న కాలువలోకే పోతుంది, అక్కడి నుంచి భూమిలోకే. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా, గోదావరి నీరు పైపుల్లో రావడం నిస్సందేహంగా మంచి మార్పు. కానీ తాగునీరు వచ్చింది కదా, ఇక బోరు నీటి పరీక్షలెందుకు అనే మాట వినిపిస్తోంది. పైపు నీరు రాని రోజు ఉంటుంది, పంట ఉంది, పశువు ఉంది. పరీక్ష ఆపే కారణం నాకైతే కనిపించడం లేదు.

ఇప్పుడు చెరువు. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు ఎంత ఉంటే ఆరోగ్యకరం? స్నానానికి తగిన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములుండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. ముప్పై డిగ్రీల వేడిలో నీరు గాలి నుంచి సహజంగా తీసుకోగలిగింది దాదాపు ఏడున్నర. మరి మురుగు చేరి పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం రెండు గంటలకు కొలిస్తే పది, పన్నెండు కూడా రావచ్చు. అంటే చెరువు మహా ఆరోగ్యంగా ఉందా? అదే చెరువుకు తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి కొలవండి. సున్నాకు దగ్గరగా ఉంటుంది. పగలు ఎండలో ప్రాణవాయువును తయారుచేసిన నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం చెరువు పనివాళ్లందరికీ తెలిసిన దృశ్యమే. మన నమూనాలు తీసే ఉద్యోగులు మాత్రం ఉదయం పదకొండింటికి వెళ్తారు. చెరువు తన అందమైన ముఖం చూపించే వేళకే మనం వెళ్తున్నామన్న మాట. పీహెచ్ కూడా అంతే, నాచు కార్బన్ డయాక్సైడును లాగేయడం వల్ల మధ్యాహ్నానికి తొమ్మిది దాటవచ్చు, అప్పుడు నీటిలోని అమ్మోనియా ఎక్కువ విషపూరిత రూపంలోకి మారుతుంది.

హుసేన్‌సాగర్‌ను చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో, పదహారో శతాబ్దంలో తవ్వించిన చెరువు, ఒకప్పుడు తాగునీటి చెరువు. తర్వాత కూకట్‌పల్లి నాలా, మరికొన్ని నాలాలు మురుగును, పరిశ్రమల వ్యర్థాలను దానిలోకి తెచ్చాయి. నాలాలను మళ్లిస్తే చెరువు వెంటనే బాగుపడుతుందా? పడదు, అడుగు బురదలో ఏళ్లుగా పేరుకున్న ఫాస్ఫరస్ ఉంది, నాచుకు అది ఎరువు. అడుగున ప్రాణవాయువు లేనప్పుడు ఆ బురద దాన్ని తిరిగి నీటిలోకి వదులుతూనే ఉంటుంది. పైనీటిని మాత్రమే కొలిచి, బురదను కొలవని అధ్యయనం సగం అధ్యయనమే.

కొల్లేరుది మరో తరహా. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటివి చేరుతాయి. బుడమేరు అంటే 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వాగుగానే చాలామందికి గుర్తుంది, అది ఏడాది పొడవునా కొల్లేటికి ఏం మోసుకెళ్తుందో ఎవరూ అడగలేదు. సరస్సు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. పైనుంచి మంచినీరు తగ్గిన వేసవిలో ఆటు పోట్లతో ఉప్పునీరు అదే దారిలో వెనక్కి ఎక్కుతుంది. అభయారణ్యంగా 1999లో, అంతర్జాతీయ రామ్‌సార్ ఒప్పందం కింద చిత్తడి నేలగా 2002లో గుర్తింపు వచ్చింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇవన్నీ విస్తీర్ణానికి సంబంధించిన నిర్ణయాలు. అక్కడి నీరు ఆగస్టులో ఒకలా, మేలో ఇంకోలా ఉంటుంది. ఆ రెంటి సగటు కడితే వచ్చే అంకె ఏ నెలలోనూ కొల్లేటిలో కనిపించని నీటిది.

వాగుల గురించి క్లుప్తంగా చెబుతాను. పారే నీటిలో సేంద్రియ మాలిన్యం కొంతవరకు తనంతట తానే తగ్గుతుంది. హైదరాబాదు దాటిన మూసీలో కత్వల, అంటే చిన్న అడ్డుకట్టల, వెనక నీరు నిలిచి, మడ్డి దిగి, దిగువకు పోయిన కొద్దీ బీఓడీ, అంటే ఆ మాలిన్యాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ప్రాణవాయువు కొలత, తగ్గడం పరిశోధకులు గమనించారు. లవణాలు మాత్రం అలా తగ్గవు, సూక్ష్మజీవులకు తినడానికి పనికొచ్చేది కాదు కదా ఉప్పు. మందుల అవశేషాలూ అంత తేలిగ్గా వదలవు. పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. అది మామూలు నీటి పరీక్షల జాబితాలో లేని పదార్థం. బీఓడీ కొలిచేవారికి అది ఎన్నటికీ కనిపించదు. మనం వెతికిందే మనకు దొరుకుతుంది.

ఒక విద్యార్థి చీటీ పంపారు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి నీరే కారణమా అని. శ్రీకాకుళం తీరంలోని ఆ ప్రాంతపు నీటిని ఎందరో విశ్లేషించారు. సిలికా అన్నారు, లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీరు తాగకుండా చేసే చాకిరీ అన్నారు. ఇదీ కారణం అని ఇప్పటివరకు ఏదీ రుజువు కాలేదు. జబ్బున్న ఊరి నీటిలో ఒక పదార్థం కనిపించినంత మాత్రాన సరిపోదు. జబ్బు లేని పక్క ఊరి నీటిలో అది లేదని చూపాలి, ఎంత తాగారో తెలియాలి, జబ్బు రావడానికి ఏళ్ల ముందు తాగిన నీరు ఎలా ఉందో తెలియాలి. ఆ చివరిదే అన్నిటికన్నా కష్టం, ఇరవై ఏళ్ల నాటి నీటిని ఇప్పుడు సీసాలో పట్టలేం. హిరమండలం నుంచి వంశధార నీటిని అక్కడికి పైపుల్లో ఇవ్వడం సరైన పనే. కారణం తేలేదాకా జనం ఆగనక్కర్లేదు, శాస్త్రం కూడా తేలకముందే తేలిందని చెప్పనక్కర్లేదు.

కళాశాలగా మీరేం చేయగలరని ప్రిన్సిపాలు గారు అడిగారు. చుట్టుపక్కల ఊళ్లలో లోతు తెలిసిన బోర్లు కొన్ని, ఇంకా నీరున్న పాత బావి దొరికితే అది ఒకటి, ఒక చెరువు, దాని అలుగు కింద వాగు ఎంచుకోండి. ఎక్కువ వద్దు, వదలకుండా చేయగలిగినన్నే. ఏటా మే నెలలో వానలకు ముందు ఒకసారి, నవంబరులో వానలు తగ్గాక ఒకసారి అవే చోట్ల తీయండి. చెరువును మాత్రం తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. ప్రతి నమూనాతోపాటు బోరులో నీటిమట్టం, లోతు, చుట్టూ వేసిన పంట, మోటారు నడిచిన సమయం రాయండి. బ్యాచ్ మారినా రిజిస్టరు మారకూడదు, దాన్ని రసాయన శాస్త్ర విభాగంలోనే ఉంచండి. ఈ మే దాటిపోతే ఈ ఏటి వానకు ముందటి నీరు మళ్లీ దొరకదు కాబట్టి, సీసాలు, వాహకత మీటరు, పీహెచ్ మీటరు ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోండి. పీహెచ్ మీటరును సరిచూసుకునే బఫరు ద్రావణాల మీద గడువు తేదీ చూడటం మరిచిపోవద్దు.